ఐదక్షరాలు, మధ్యలో జెడ్

సూదులు రెండూ ఎక్కాయి. గొట్టాల్లో రక్తం కదిలింది. టీచరమ్మ కళ్ళు మూసుకుంది.

"ఐదక్షరాలు. మధ్యలో జెడ్ రావాలి. ఒక ఇంగ్లీషు మాట చెప్పండమ్మా," అన్నాడు పక్క మంచం పెద్దాయన.

ఆయన చేతికీ రెండు సూదులున్నాయి. ఆయన తలవైపునా అలాంటి డయాలిసిస్ యంత్రమే ఉంది.

వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. కిడ్నీలు చెయ్యాల్సిన పని ఆ యంత్రం చేసిపెడుతుంది. టీచరమ్మ చెయ్యాల్సిన పని మాత్రం ఎవరూ చేసిపెట్టరు. వంట, బళ్ళో ఆరు క్లాసులు, సంచీలో దిద్దాల్సిన కాగితాలు. ఇంట్లో పదో తరగతి చదివే కూతురు. ఆ పిల్లకి అమ్మ తప్ప ఎవరూ లేరు. అది తన కాళ్ళ మీద నిలబడేదాకా బతికుంటే చాలని ఆవిడ కోరిక. అంతకు మించి ఆశపడే ఓపిక కూడా లేదు.

ఈ నాలుగు గంటలే ఆవిడకి దొరికే విశ్రాంతి. అందులోనూ ఈయనొకడు.

"పిజ్జా," అంది కళ్ళు తెరవకుండా. తినకూడదన్నవే ముందు గుర్తొస్తాయి.

పెద్దాయన చిన్న నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకున్నాడు. పది నిమిషాలకి మళ్ళీ మొదలు. ఈసారి రెండు ఎమ్‌లు ఉండాలన్నాడు. ఆ తర్వాత క్యూ ఉండి, చివర ఇ రావాలన్నాడు.

ఫోనులో మాటలాటలు ఆడే పిచ్చి చాలామందికి ఉంటుంది. ఈయనేదో పోటీకి పంపుతున్నాడనీ, ఇంగ్లీషు టీచరు పక్కనే దొరికింది కదా అని వాడుకుంటున్నాడనీ ఆవిడ తీర్మానించేసుకుంది. బళ్ళో పిల్లలు చాలనట్టు ఇక్కడొక ముసలి విద్యార్థి. చెవిలో జోరీగలా తగులుకున్నాడని కూతురికి చెబితే ఆ పిల్ల నవ్వింది. అప్పట్నుంచీ తల్లీకూతుళ్ళకి ఆయన పేరు జోరీగ.

ఇదివరకు ఏం చేసేవారని మాత్రం ఆవిడ ఎన్నడూ అడగలేదు.

ఒక్కోసారి జవాబు తట్టేది కాదు. పదిహేనేళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషికి బల్లని ఏమంటారో కూడా గుర్తొచ్చేది కాదు. అలాంటప్పుడే నర్సు గబగబా వచ్చేది. మంచాన్ని కాళ్ళవైపు ఎత్తేది, సెలైన్ వదిలేది, కాసేపు నిలబడి వెళ్ళిపోయేది. అదంతా మామూలే కాబోలు అనుకునేది టీచరమ్మ.

పరీక్షల రోజులొచ్చాయి. మూడు రోజులుగా ఆవిడకి సరిగా నిద్రలేదు.

"ఆరక్షరాలు. కె ఉండాలి."

"నన్నొక్క గంట పడుకోనివ్వండి బాబాయిగారూ. మీ పోటీకి నేనే దొరికానా?"

మిగతా ఆరు మంచాల వాళ్ళూ ఇటు తిరిగి చూశారు.

పెద్దాయన పుస్తకం మూశాడు. నొచ్చుకున్నట్టు లేడు, భయపడినట్టున్నాడు. ఆవిడకి అదే వింతగా తోచింది.

"పడుకోండమ్మా," అన్నాడు. "మధ్యమధ్యలో కాస్త పలుకుతూ ఉండండి, చాలు."

ఆ తర్వాతి సారి ఆవిడ అడిగి మరీ కిటికీ పక్క మంచానికి మారిపోయింది. నిద్ర సుఖమెరగదంటారు గానీ, ఆవిడ నిద్ర ఆ సుఖాన్ని బాగానే ఎరిగింది. అటువైపు తల తిప్పి చూడాలని కూడా అనిపించలేదు.

మూడో వారం ఒకరోజు కళ్ళు తెరిచేసరికి ముఖం మీద నాలుగు ముఖాలు వంగి ఉన్నాయి. డాక్టరు బుగ్గలు తడుతున్నాడు.

బీపీ బాగా పడిపోయిందట. అరగంటకోసారి చూస్తారు. ఒకసారి చూసి వెళ్ళాక, మళ్ళీ వచ్చేలోపు పడిపోయింది. అందరూ నిద్రపోతోందనే అనుకున్నారు. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే మీ అమ్మాయికి కబురు చెయ్యాల్సి వచ్చేదని డాక్టరు దాచకుండా చెప్పాడు.

ఇంతకుముందెప్పుడూ ఇలా కాలేదే అంది ఆవిడ.

"ఐదుసార్లయింది టీచరమ్మా," అంది నర్సు. "మీకు తెలిసేలోపే పెద్దాయన బెల్లు కొట్టేవారు."

టీచరమ్మ తన పాత మంచం వైపు చూసింది. దాని పక్క మంచం మీద ఎవరో కొత్త మనిషి పడుకుని ఉంది. ఆయన వేళ మార్చుకున్నారా అని అడిగింది.

పెద్దాయన పోయి పది రోజులైందని చెప్పి, నర్సు సొరుగులోంచి నోటుపుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

నిండా ఆవిడ చెప్పిన మాటలే. పక్కనే అంకెలు. పిజ్జా, మూడు సెకన్లు. సమ్మర్, ఎనిమిది. యూనిక్, ఇరవై. దాని కింద ఇంకో వరుస: 'పలకలేదు. బెల్లు కొట్టాను.'

ఆఖరి పేజీలో ఆవిడ చెప్పిన మాటలేమీ లేవు, ఆయన రాసుకున్నదే ఉంది. 'కిటికీ దగ్గరికి మారారు. అంత దూరం నా గొంతు వినబడదు. మధ్యమధ్యలో పలకరించమని నర్సుకి చెప్పాను.'

"చెప్పారు," అంది నర్సు తల దించుకుని. "ఎనిమిది మంచాలకీ నేనొక్కదాన్ని."

టీచరమ్మకి ఏడుపొచ్చింది. సూదులున్న చెయ్యి కదపకూడదు కాబట్టి కళ్ళు తుడుచుకోలేదు.

ఇదంతా పోటీ కోసమేననుకున్నానంది. జబ్బుతో పడి ఉన్న మనిషికి ఇన్ని సంగతులు ఎవరు నేర్పారని అడిగింది.

నర్సు కొత్త మనిషి మంచం దగ్గరికి నడుస్తూ ఆగింది.

"ఆయనకి ఒకరు నేర్పడమేమిటి టీచరమ్మా? పేషెంటుది నిద్రో, స్పృహ తప్పడమో మాట్లాడిస్తేనే తెలుస్తుందని మాకు నేర్పిందే ఆయన. ముప్ఫయ్యేళ్ళు ఈ గదికి హెడ్ నర్సు."