దొంగ లోపలుండగా

"ఆ రెండో గీత యాడికెళ్లి వచ్చిందో చెప్పుండ్రి!"

కమల తన కరోనా టెస్టు బిళ్లను భర్త ముక్కు మీదకి తెచ్చింది. రేపు ఆమె ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానమెక్కాలి. హైదరాబాద్‌లో చెల్లెలి పెళ్లి.

భాస్కర్ రావు ఉబ్బిన బుగ్గ చూపించాడు. దగ్గుకి కరక్కాయ పెట్టుకున్నాడు, మాట్లాడలేడట. పొద్దుట్నుంచీ ఇదే సైగ.

"గడప దాటని నాకు ఎట్లొస్తది? ఆ పార్శిల్ డబ్బాల నుంచేనా?"

అతను గబగబా తలూపాడు.

పక్క బాల్కనీలోంచి చైనా మూలికా వైద్యురాలు లిన్ అడిగింది. "బుగ్గలో ఏమిటి?"

"కరక్కాయ, ఫ్రావ్ లిన్. దగ్గుకి." జర్మన్ మర్యాదలో ఆమెని 'శ్రీమతి' అనే పిలుస్తుంది కమల.

"మేమూ వాడతాం. కానీ రోగం ఒంట్లో ఉండగా వగరు పెట్టకూడదు. దొంగ లోపలుండగా తలుపు గడియ పెట్టినట్టే. ఉమ్మేయమను."

భాస్కర్ రావు తల అడ్డంగా ఊపాడు. పొద్దుట్నుంచీ మొగుడు ఒక్కసారి కూడా దగ్గలేదని కమలకి అప్పుడు తట్టింది.

"ఉమ్ముండ్రి."

ఉమ్మాడు.

"ఆదివారం వాకింగని పోయి మూడు గంటలు యాడున్నరు?"

"మా దోస్తు మునావర్ పిలిచిండు... దమ్ బిర్యానీ. పన్నెండు మందిమే. అందరం మాస్కులు పెట్టుకున్నం."

"మాస్కులతోనే తిన్నరా?"

భాస్కర్ రావు చెయ్యి ఇంకో కరక్కాయ కోసం పోయింది.

"దొంగ బయటపడ్డాడా?" లిన్ కేకేసింది.

"పడ్డడు, ఫ్రావ్ లిన్," అంది కమల. "పేరు భాస్కర్ రావు!"