ఉత్తరం మూల నీళ్ళు

"మేడమ్, ఈయన మళ్ల కంచె కిందికెల్లి దూరిండు," అన్నాడు వాచ్‌మన్ రాములు.

రాములు ఉద్యోగంలో చేరి మూడు రోజులే. మూడు రోజులూ ఇదే పరేషాన్.

ఆర్కిటెక్ట్ హిమజ వచ్చి చూసింది. డెబ్బై ఏళ్ళ మనిషి. నడుము దాకా తడిసిపోయి, చేతులనిండా బురదతో చెరువు గట్టు మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు.

"ఇక్కడికి రావద్దని చెప్పారు కదా పెద్దాయనా?"

"సెప్పేరమ్మా."

"మరి?"

"పొద్దుటేళ ఒక్క గంట రానీ తల్లీ. ఎల్లిపోతాను."

"ఏం పని మీకిక్కడ?"

ఆయన నీళ్ళవైపు చూసి సిగ్గుపడ్డాడు.

"పెద్ద పనేటి కాదులే. మాది సికాకులం దగ్గిర. బోయిగూడలో గదుంది. మా ఇంటిది అమ్మన్నమ్మ పోయినాక ఆ గదిలో నాతో మాటాడేవోల్లెవరూ లేరు. ఇక్కడికొస్తే పొద్దుపోద్ది."

"ఈ చెరువు సెంటర్ తెరిచాక రండి. మీలాంటివాళ్ళ కోసమే కడుతున్నాం."

"ఎప్పుడు తెరుస్తారమ్మా?"

"రెండేళ్ళు పట్టొచ్చు."

"రెండేల్లా!" అని నవ్వి లేచాడు.

గేటు దగ్గర రాములు ఆయన పేరూ అడ్రసూ రాయించుకున్నాడు. దేముడుబాబు. మళ్ళీ వస్తే పోలీసులకి చెప్తానన్నాడు.

దేముడుబాబు మళ్ళీ రాలేదు.

పాపం, హిమజ చెడ్డ మనిషేం కాదు. ఈ చెరువు కోసం మూడేళ్ళు నిద్రాహారాలు మానుకుంది. సికింద్రాబాద్ జనం కాసేపు కూర్చోడానికి నీటి ఒడ్డున ఒక చోటు. సిమెంటు తక్కువ, వెదురు ఎక్కువ. చెక్క వంతెన, పడవలు, పిల్లలు వంగి నీళ్ళు ముట్టుకునే మెట్లు. మనిషికీ ప్రకృతికీ మధ్య అడ్డం ఉండకూడదని ప్లాను మొదటి పేజీలో తనే రాసింది. రాశాక మొట్టమొదట వేయించింది కంచె. అది వేరే సంగతి.

చెరువంతా గుర్రపుడెక్క పట్టేసింది. ఒక్క ఉత్తరం మూల మాత్రం నీళ్ళు తేటగా ఉండేవి. అందుకే సెంటర్‌ని అక్కడ పెట్టింది.

"ఇక్కడ అడుగున ప్రవాహం ఉంది. గాలి కూడా కలిసొస్తోంది. నీళ్ళు వాటంతట అవే శుభ్రమవుతున్నాయి," అని కమిటీకి వివరించింది.

కమిటీ చప్పట్లు కొట్టింది. ఆఖరిసారి వచ్చి చూసి, సంతకం పెట్టడమే మిగిలింది.

కంచె వేసిన పది రోజులకి ఆ నీళ్ళలో నాలుగు డెక్క ఆకులు కనిపించాయి.

వానలు కదా, అనుకుంది హిమజ.

నెల తిరిగేసరికి సగం నీళ్ళు కనబడలేదు. రెండు నెలలకి నీళ్ళే కనబడలేదు. ఆరుగురు కూలీలని పెట్టి తీయించింది. మూడోనాటికి మళ్ళీ కమ్ముకుంది.

దిక్కుతోచక గట్టు మీద నిలబడి ఉంటే, కాంతమణి టీచర్ ఆగింది. రిటైరయ్యాక చిలకలగూడ నుంచి రోజూ నడకకొస్తుంది.

"ఆ పెద్దాయన కనబడటం లేదేంటమ్మా?"

"ఎవరు?"

"మేం వచ్చేసరికి రోజూ నీళ్ళలో ఉండేవాడు. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. చలికాలం కూడా మానలేదు."

"నీళ్ళలో ఏం చేసేవాడు?"

కాంతమణి వింతగా చూసింది.

"మీకు తెలీదా? ఆకు తీయడానికి మీవాళ్ళే పెట్టారనుకున్నామే."

హిమజ రాములుని వెంటబెట్టుకుని అప్పటికప్పుడు బోయిగూడ వెళ్ళింది. ఆ గదిలో వేరేవాళ్ళెవరో వంట చేసుకుంటున్నారు.

"పోయిండమ్మా. నెల దాటింది," అంది ఇల్లుగలామె. "జరం సుత లేదు. చీకట్లనే లేచి మెట్ల మీద కూసుంటుండె. ఏందీ బాబాయ్, పోతలేవా అంటే, రానిస్తలేరంటుండె. చుట్టాలెవరూ రాలే. మా గల్లీవాళ్ళమే కానిచ్చినం."

హిమజకి ఏడుపొచ్చింది. క్షమించమని అడుగుదామన్నా ఆయన తరఫున వినేవాళ్ళు ఒక్కరూ లేరు.

సోమవారం కమిటీ వచ్చింది. ఛైర్మన్ గట్టు ఎక్కి, ఆ ఆకుల్ని చూసి నిలబడిపోయాడు.

"అడుగున ప్రవాహం ఉందన్నారు కదమ్మా. ఏమైంది?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. వాన అనొచ్చు. గాలి మారిందనొచ్చు. మూడేళ్ళ కష్టం నిలబడుతుంది.

కల్యాణ్, ఆఫీసులో ఆమె భాగస్వామి, అదే చెప్పమన్నట్టు సైగ చేశాడు.

హిమజ ఫైలు మూసేసింది.

"ప్రవాహం లేదు సార్, ఇన్నాళ్ళూ ఇక్కడ ఉన్నది దేముడుబాబు అనే ఒక ముసలాయన."