హాల్వర్ బావిలో చేప

పరిశోధకురాలు బావిలోకి వల దించుతుంటే ఈవర్ మెడ వెనక చెమట పట్టింది.

"ఈ చలిలో మరిదిగారికి చెమటలేమిటో," అంది గుడ్రూన్. "పోయిన నెల మీ అన్న పేరున పెట్టిన మీగడ కూర ఇంకా అరగలేదా?"

ఈవర్ మెడ తుడుచుకున్నాడు.

ఆ లోయలో బావి తవ్వితే, ఏటిలోంచి ఒక ట్రౌట్ చేపను తెచ్చి వదులుతారు. పురుగూ పుట్రా తిని నీళ్లు తేటగా ఉంచుతుంది. ఈ బావిలో చేపను అన్న హాల్వర్ వదిలాడు. ఎడమ రెక్క కాస్త చిరిగిన చేప. అన్న పోయి పదకొండేళ్లయింది. చేప మాత్రం ఉంది. ఇన్నేళ్లు బతికిన ట్రౌట్‌ను ఎక్కడా చూడలేదని ఎవరో పట్నానికి రాశారు. ఈమె వచ్చింది.

అసలు సంగతి ఈవర్‌కు తెలుసు. అన్న పోయిన వారానికే బావి ఖాళీ అయింది. ఏ నీటికుక్కో ఎత్తుకుపోయి ఉంటుంది. వదినకు ఈ దెబ్బ కూడానా అనుకున్నాడు. ఏట్లో అంత చేపనే పట్టి, కత్తెరతో ఎడమ రెక్క చింపి, చప్పుడు కాకుండా బావిలో వదిలాడు. మరుసటి ఏడూ అదే కథ. బావి మూతకు ఇనుప జల్లెడ బిగించాడు. దొంగ ఆగలేదు. పన్నెండు చేపలు, ఒకటే కత్తెర.

పరిశోధకురాలు వలలో పడ్డ చేపను బకెట్లో వేసి, ఒక పొలుసు తీసి భూతద్దం కింద పెట్టింది. చెట్టు మానులో ఉన్నట్టే దాంట్లోనూ ఏడాదికో వలయం ఉంటుందట.

"నాలుగేళ్లు," అంది. "మించితే ఐదు."

గుడ్రూన్ బావి గట్టు మీద కూలబడింది.

"తప్పు నాదే వదినా," అన్నాడు ఈవర్. "అన్న చేప ఎప్పుడో పోయింది. పోయినప్పుడల్లా నేనే కొత్తది తెచ్చి వేస్తున్నా. నువ్వు తట్టుకోలేవని."

ఆమె బకెట్లోకి వంగి చేపను చూసింది.

"ఆ రెక్క?"

"కత్తెర."

"'నేను పోయాక బావిలో చేపను మీగడలో వండి తమ్ముడికి పెట్టు, వాడికిష్టం' అన్నది మీ అన్న ఆఖరి మాటరా," అంది గుడ్రూన్, "పెట్టిన ప్రతిసారీ అది మళ్లీ బావిలో ఈదుతూ కనిపిస్తుంటే, నా వంట కుదరలేదని ఆయనే తిప్పి పంపిస్తున్నాడనుకున్నాను."