పడుకోవడమే పని

"నా చెప్పులేవి?"

సంచి సర్దుకుని మంచం దిగబోయిన టైలరమ్మ వార్డంతా వినిపించేలా అడిగింది.

"నా మంచం కిందికి తోయించాను. కావాలంటే వంగి తీసుకో" అంది పక్క మంచం మీదావిడ తాపీగా.

కవలలతో ఆరో నెల నిండుతున్న కడుపు. వంగడమంటే మాటలా?

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. పక్కావిడా కవలలను మోస్తున్నదే, వయసులో కాస్త పెద్దది. వచ్చిన రోజు నుంచీ ఇదే వరస. ఎడమవైపు తిరుగు, నీళ్ళు తాగు, ఊరికే లేవకు. అడగని సలహాలకు అంతే లేదు.

గర్భసంచి ముఖద్వారం ముందే వదులవుతోందని టైలరమ్మకు అక్కడ కుట్టు వేశారు. "ఊరందరికీ కుట్లు వేసే నాకే కుట్టా" అని మొదట్లో నవ్వింది కూడా. ఇప్పుడే పుడితే ఇద్దరూ దక్కడం కష్టమని, ఆసుపత్రిలోనే ఉండాలని డాక్టరమ్మ చెప్పాక ఆ నవ్వు పోయింది. అయినా చేతులు కట్టుకుని పడుకోవడం ఆమెకు చేతకాదు. బడులు తెరిచే రోజులు. కొట్టులో యూనిఫారాల బట్ట గుట్టలుగా పడి ఉంది.

"నొప్పుల్లేవు, ఏమీ లేవు. ఇంటి దగ్గరా పడుకోవచ్చు."

"మిషను ఎదురుగా ఉంటే నువ్వు పడుకుంటావా?"

టైలరమ్మ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది.

"మీకేమండీ, జోకులేసుకుంటూ హాయిగా పడుకున్నారు. భయమంటే ఏంటో మీకేం తెలుసు?"

పక్కావిడ ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది.

"తెలీదనే అనుకో. ఈ ఒక్క రోజు ఉండు. రేపు నీ చెప్పులు నేనే ఇప్పిస్తాను."

మధ్యాహ్నం కడుపులో గుండె చప్పుళ్ళు వినిపించే పరికరంతో నర్సు వచ్చింది. పక్కావిడకు ఎప్పటిలాగే తెర అడ్డం వేసి తొందరగా ముగించింది. టైలరమ్మ దగ్గరకు వచ్చేసరికి తెర అవతల నుంచి గొంతు వినిపించింది.

"కాస్త గట్టిగా పెట్టమ్మా. ఇద్దరివీ నేనూ వింటాను."

ఇంత చొరవేమిటని టైలరమ్మ మూతి తిప్పుకుంది.

సాయంత్రం టైలరమ్మ కడుపు గట్టిపడింది. గ్యాసనుకుని దుప్పటి లాక్కుంది. ఆమె పళ్ళు బిగించడం చూసి పక్కావిడే గంట నొక్కింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. సూదులు, సెలైన్లు, నానా హడావుడి.

"బస్సులో ఉండగా వచ్చుంటే ఏం చేసేదానివి?" అంది డాక్టరమ్మ, నొప్పులు సద్దుమణిగాక.

మర్నాడు టైలరమ్మ సంచి విప్పేసింది. చెప్పుల ఊసే ఎత్తలేదు.

"కొట్టు మూసెయ్యండి. ఎవరేమన్నా అననివ్వండి. ఇప్పుడు పడుకోవడమే నా పని" అని భర్తకు చెప్పింది.

"అదీ మాట" అంది పక్కావిడ.

కొన్నాళ్ళకు పక్కావిడకు బీపీ పెరిగింది. ఉన్నపళంగా ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. అప్పుడు టైలరమ్మ నిద్రలో ఉంది. ఒక్క మంచి మాటైనా చెప్పలేకపోయానే అని తర్వాత చాలా బాధపడింది.

మంచానికి అతుక్కుపోయి, పంతం పట్టి వారాలు నెట్టుకొచ్చింది. ఎనిమిదో నెల నిండాక బాబూ పాపా పుట్టారు. సన్నగా ఉంటేనేం, ఇద్దరి ఏడుపూ వార్డు దాటింది.

ఇంటికి వెళ్ళే రోజు నర్సును అడిగింది.

"ఆ అక్క ఎక్కడుంటుంది? వీళ్ళిద్దరినీ తీసుకెళ్ళి చూపించాలి. తనను అనరాని మాట అన్నాను."

"ఎప్పుడో వెళ్ళిపోయింది. ఏ ఊరో మాకూ తెలీదు. పాపను ఎత్తుకుని నవ్వుకుంటూ వెళ్ళింది."

"పాప ఒక్కతేనా? ఇద్దరు కదా?"

నర్సు గొంతు తగ్గించింది.

"నువ్వు భయపడతావని నీకు చెప్పొద్దంది. నువ్వు రాకముందే ఒక బిడ్డ కడుపులోనే పోయింది. మిగిలిన బిడ్డ బతకాలని, ఆవిడ ఇద్దరినీ మోస్తూ పడుకుందమ్మా."