ఇసుక బుజ్జి

"గట్టిగా పట్టుకో బుజ్జీ, ఎక్కుతున్నాం."

మేస్త్రి తాపీ ఆపి తల తిప్పాడు.

ఎవరో పెద్దమనిషి. చక్రాల కుర్చీలో ఇసుక బస్తాను కూర్చోబెట్టాడు. జారిపోకుండా తువ్వాలుతో నడుము కట్టాడు. ఆ కుర్చీని ర్యాంపు మీదికి రెండంటే రెండు వేళ్ళతో తోస్తున్నాడు.

సగం దూరంలో కుర్చీ ఆగిపోయింది.

"మరీ నిటారుగా ఉంది మేస్త్రీ. చేతుల్లో బలం తక్కువ పిల్ల. ఎక్కలేదు."

"అది పిల్ల కాదండీ, ఇసుక."

"ఇరవై రెండు కిలోలు," అన్నాడాయన, బస్తా వీపు నిమురుతూ.

మేస్త్రికి ఒళ్ళు మండింది.

పొలాల మధ్య, మేస్త్రి ర్యాంపు కడుతున్న ఆ ఇల్లు టీచరమ్మది. రిటైరయ్యాక ఆవిడ, నడవలేని పిల్లల హాస్టల్ నుంచి పన్నెండు మందిని పది రోజుల సెలవులకి రమ్మంది. వార్డెనమ్మ ఒకటే షరతు పెట్టింది. ఒక్క పిల్లని ఒక్కచోట ఎత్తుకోవాల్సి వచ్చినా, సాయంత్రానికే బస్సు వెనక్కి తిప్పేస్తుంది. ఎవరో ఒకరి చంక ఎక్కీ ఎక్కీ పిల్లలకి విసుగొచ్చిందట.

టీచరమ్మ ఆ షరతును కాగితం మీద రాసి వంటింటి గోడకి అంటించింది. నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడల్లా మేస్త్రి గొంతులో అది అడ్డం పడుతోంది.

మధ్యాహ్నం టీచరమ్మ ఆ బస్తాయనకి కొసరి కొసరి వడ్డించడం మేస్త్రి చూశాడు. ఆవిడ మరిది కాబోలు అనుకున్నాడు. ఇంటివాళ్ళ చుట్టాన్ని కాదంటే పని దక్కుతుందా? వెళ్ళి తన టీలో సగం కూడా ఆయనకి పోశాడు.

ర్యాంపు పగలగొట్టి, రెండింతలు పొడుగు చేశాడు.

వారానికి ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండు బస్తాలు.

"వీడు పండు. పదిహేడు కిలోలు. వీడితోనే వేగలేం, కుదురుగా కూర్చోడు."

"ఇసుకకి కుదురేంటండీ?"

అన్నాడో లేదో, బస్తా పక్కకి ఒరిగి మేస్త్రి కాలి మీద పడింది.

ఆ తర్వాత ఆయన ఇల్లంతా నేల మీద కూర్చుని దేకాడు. స్విచ్చులు అందలేదు, కిందికి దింపించాడు. గడపలు అడ్డొచ్చాయి, పీకించాడు. ముప్పై ఏళ్ళుగా గడపలు నిలబెట్టిన చేత్తో గడపలు పీకాల్సి వచ్చినందుకు మేస్త్రికి ఏడుపొక్కటే తక్కువ.

శుక్రవారం బాత్రూం దగ్గర తగువు ముదిరింది. పిల్లలు వచ్చేది ఆదివారం.

"ఈ తలుపు బయటికి తెరుచుకోవాలి మేస్త్రీ. కుర్చీతో లోపలికెళ్తే మూసుకోదు."

"మూసుకోకపోతే మీ ఇసుకకి సిగ్గేంటండీ?"

ఆయన ముఖం చిన్నబోయింది.

"బుజ్జికి తొమ్మిదేళ్ళు," అన్నాడు మెల్లగా.

మేస్త్రి అప్పటికే ఊపులో ఉన్నాడు. "నా సర్వీసులో బాత్రూం తలుపు బయటికి పెట్టింది లేదు. ఈ బొమ్మలాట మీ ఇంట్లో ఆడుకోండి. మళ్ళీ ఇటు రాకండి."

ఆయన బస్తా నడుముకి కట్టిన తువ్వాలు విప్పి, దులిపి, భుజాన వేసుకున్నాడు. వంగిన నడుము మీద ఒక చెయ్యి ఆనించుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

"మూసుకోదట," అని గొణుక్కుంటూ మేస్త్రి బస్తాను దింపేసి, తనే ఆ కుర్చీలో కూర్చుని బాత్రూంలోకి వెళ్ళాడు. మోకాళ్ళు ముడిచి, పొట్ట బిగబట్టి, మొత్తానికి తలుపు మూశాడు.

తెరవడమే కుదరలేదు. తలుపుకి కుర్చీ అడ్డం. కుర్చీ ముడుద్దామంటే మేస్త్రి పొట్ట అడ్డం.

అరగంట అరిచాక కూలీలు వచ్చి, తలుపు పలకలు ఊడగొట్టి బయటికి లాగారు. టీచరమ్మ ఎదుట నవ్వు ఆపుకోలేక ఒకడు పెరట్లోకి పరిగెత్తాడు.

శనివారం మేస్త్రి కొత్త తలుపు పెట్టాడు. అది బయటికి తెరుచుకుంటుంది.

ఆదివారం బస్సు వచ్చింది. ముందుగా పచ్చగౌను పిల్ల చక్రాల కుర్చీలో, బస్సుకి ఆనించిన పలక మీదుగా దిగింది.

"జాగ్రత్త బుజ్జీ," అంది వార్డెనమ్మ.

మేస్త్రి ఒక్క అంగలో ముందుకొచ్చాడు.

"ఇరవై రెండు కిలోలా?" అని అడిగేశాడు.

"మీకెలా తెలుసండీ?"

మేస్త్రి అప్పటికే ర్యాంపు వైపు చూస్తున్నాడు. బుజ్జి సన్నటి చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ర్యాంపు ఎక్కుతోంది. సగం దూరం వచ్చింది. ఆగలేదు. వరండా దాటింది, నేరుగా బాత్రూంలోకి వెళ్ళింది, తలుపు లాక్కుంది. లోపల గడియ పడిన చప్పుడు విని మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు.

వెనకాల ఒక పిల్లాడు కుర్చీలో పక్కకి ఒరిగి వస్తున్నాడు. వాడి పేరు అడగక్కర్లేకపోయింది.

"మీ మరిదిగారేరి టీచరమ్మా? ఆయన్ని అనరాని మాటలన్నాను."

"నాకు మరిదెక్కడున్నాడు? ఆయన మీ అన్న కాదూ? నీ టీ పంచి ఇస్తుంటే అలాగే అనుకుని అన్నం పెట్టాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వార్డెనమ్మ వైపు తిరిగారు.

"భుజాన తువ్వాలు, వంగిన నడుమేనా?" అంది వార్డెనమ్మ. "తానెవరో ఆయన మీకు చెప్పనేలేదా?"

"ఇరవై ఏళ్ళుగా మా పిల్లల్ని మెట్ల మీద ఎత్తుకుని తిప్పే మనిషండీ ఆయన," అంది వార్డెనమ్మే. "'ఒక్క తలుపు మిగిలింది, మేస్త్రి మంచోడు, మార్చేస్తాడు, అక్కడ ఇక నాతో పనుండదు' అని చెప్పి, సెలవు పెట్టి ఊరెళ్ళిపోయాడు."