సాక్షి అయస్కాంతం

భార్య మమత ఆన్‌లైన్లో కొన్న వెండి పట్టీలపై, గోదావరిఖని క్వార్టర్లో కొమురెల్లి విచారణ మొదలుపెట్టాడు. గని వర్క్‌షాపు నుంచి అయస్కాంతాన్ని సాక్షిగా రప్పించాడు.

“కంటితోని సూడకుండ ఎవలన్న వెండి కొంటరా? లోపల ఇనుముంటే గిప్పుడే అంటుకుంటది, సూడు!”

అయస్కాంతం పట్టీల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

“మల్లొకసారి పెట్టు,” అంటూ మమత ముందుకు వంగింది. పెళ్లినాడు కొమురెల్లి పెట్టిన బంగారు గొలుసు ఆమె మెడలోంచి వేలాడి, ఠక్కున అయస్కాంతానికి అతుక్కుంది.

న్యాయమూర్తి గబుక్కున సాక్షిని వెనక్కి లాక్కోబోయాడు.

“సకలజనుల సమ్మెల జీతం రాకున్నా ఈ గొలుసు కుదువ పెట్టనియ్యకపోతివి,” అంది మమత. “నా మీద ఎంత పాయిరమో అని వాడకట్టంత చెప్పుకుంటి గదయ్యా!”