మూడు చందమామలు

"అన్నా, జర గుంతలు సూసుకోని పో," అని రాణి ఆటోవాడికి చెప్పడం ఇది నాలుగోసారి. మెట్రో పిల్లర్ల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విపోసిన రోజులవి. గుంతలు తప్పించుకుని పోవాలంటే ఆటో గాల్లో ఎగరాలి. అతను అద్దంలోంచి విసుగ్గా చూశాడు. ఆమె లెక్కచెయ్యలేదు.

కుదుపులు తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. కంటి వెనక పొర ఊడి వస్తోందట. ఒక కన్ను పోయినట్టేనని, రెండోదైనా దక్కాలంటే రేపు పొద్దున్నే ఆపరేషన్ చెయ్యాలని అన్నాడు. దక్కుతుందా అని రాణి అడిగితే మాత్రం మాట దాటేసి, చుక్కల మందు టైముకు వెయ్యమని సీసా చేతిలో పెట్టాడు. ఆ సీసా ఇప్పుడు ఆమె సంచిలో ఉంది. ఆరింటికి వెయ్యాలి.

పక్కింటి శారదమ్మ నిన్న ధైర్యం చెప్పడానికని వచ్చి, తనకు తెలిసినవాళ్లెవరికో కట్టు విప్పాక పగలో రాత్రో కూడా తెలియలేదని చెప్పి, టీ తాగి వెళ్లింది. ధైర్యం చెప్పడంలో ఆవిడను మించినవాళ్లు నాచారంలో లేరు. రాణికి ఆ పూట నుంచి నిద్ర లేదు.

అలాంటి రోజున సినిమా ఏమిటి? పొద్దున్నుంచి ఇంట్లో ఇదే గొడవ. కొమురెల్లి వినలేదు. నాచారంలో డబ్బాల కంపెనీలో పన్నెండేళ్లుగా రేకు మూతలు కొట్టే మనిషి, భార్య మాటకు ఎదురుచెప్పి ఎరగడు. పది రోజులుగా డ్యూటీ మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. తిండి సయించడం లేదు. అలాంటి మనిషి ఇవాళ మొండికేశాడు.

"దవాఖానకు పొయ్యే ముందు బిడ్డకు గీ సినిమా సూపియ్యాలె. మల్ల సంగతి ఎవలకెర్క?"

ఆ చివరి మాట విన్నాక రాణి మందు సీసా సంచిలో వేసుకుని బయల్దేరింది.

తండ్రీకూతుళ్లకు ఈ పిచ్చి పాతదే. తెలుగులో మాట్లాడే ఇంగ్లీషు సినిమా ఏది వచ్చినా సరే, అందులో ఆకాశంలో తేలే ఓడలు, ఎవరూ చూడని లోకాలు ఉంటే చాలు, ఆదివారం ఇద్దరూ మాయమయ్యేవారు. తిరిగొచ్చాక కథ ఏమిటని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. కథెందుకే, సూసుటానికే రెండు కండ్లు సాలయి అనేవాడు కొమురెల్లి. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి రాణి సంచిలో సీసా ఉందో లేదో మళ్లీ తడిమి చూసుకుంది.

పదకొండేళ్ల కావ్యకు ఈ భయాలేవీ పట్టినట్టు లేదు. ఆపరేషన్ తర్వాత పెట్టుకోవడానికి కొన్న నల్లద్దాలు ఆటోలోనే తగిలించుకుంది. ముక్కు మీంచి జారిపోతుంటే వేలితో ఎత్తి పట్టుకుని, ఎట్లున్నయని అడిగింది. రాణి వాటిని లాక్కుని సంచిలో పడేసింది.

హాల్లోకి అడుగుపెట్టేసరికే దీపాలు ఆర్పేశారు. తండ్రీకూతుళ్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగారు. ముందు వరుసలో కూర్చుందామన్నాడు కొమురెల్లి. మెడలు పట్టేస్తాయని రాణి అంటే, దగ్గరైతే బాగా కనబడుతుందన్నాడు.

రాణికి ఈ సినిమాలు ఎప్పుడూ ఎక్కవు. కానీ ఈసారి ఆమె కూడా నోరు తెరిచింది. గాజుతో కట్టిన పట్నం, దాని కింద మెరిసే సముద్రం, నీళ్లలోంచి గుంపుగా లేచి మబ్బుల్లోకి ఈదుకుంటూ పోయే చేపలు. ఇంత చక్కదనం చూడ్డానికైనా ఆ కన్ను నిలబెట్టు తల్లీ అని, కొంగు చాటున దండం పెట్టుకుంది.

కొమురెల్లి పిల్ల చెవి దగ్గరికి వంగి అడగడం మొదలుపెట్టాడు.

"సముద్రం ఏం రంగుంది బిడ్డా?"

"ఆకుపచ్చ బాపు. నడుమ నడుమ బంగారం లెక్క."

"చందమామలెన్ని?"

"మూడు. ఒకటి సగమే ఉంది."

అతను అడిగిన ప్రతిసారీ రాణి జవాబు కోసం చెవులు రిక్కించేది. పిల్ల తడుముకోకుండా చెబుతున్నా ఆమె భయం తగ్గలేదు. ఇంక అడగకుండా ఉంటే బాగుండని కోరుకుంది. అతను అడుగుతూనే ఉన్నాడు.

గాజు పట్నం కూలబోతుండగా ఉన్నట్టుండి అంతా నల్లబడిపోయింది.

"కావ్యా," అని కొమురెల్లి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు, "నీకేమన్న కనవడ్తుందా?"

"లే బాపు. ఏం కనవడ్తలేదు."

రాణి గబుక్కున పక్కకు తడిమింది. తన కళ్ల ముందున్నదీ చీకటేనని ఆమెకు తట్టడానికి కాస్త సమయం పట్టింది. ఈలోగా బాల్కనీలోంచి ఈలలు, తిట్లు మొదలయ్యాయి.

"అందరికి గిట్లనేనా?" అని మళ్లీ అడిగాడు కొమురెల్లి.

"అందరికి బాపు. కరెంటు పోయింది," అని కావ్య నవ్వింది.

అతను గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు రాణికి వినబడింది.

జనరేటర్ వేశాక బొమ్మ మళ్లీ మొదలైంది. కొమురెల్లి ఇక తెర వంక తిరగలేదు. పిల్ల మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. తెర మీది వెలుగు కావ్య బుగ్గల మీద పడి, పచ్చగా, ఎర్రగా మారుతోంది. రాణికి ఏడుపు తన్నుకొచ్చింది.

"సినిమా సూడరాదు," అంది మెల్లగా.

"సూస్తున్న," అన్నాడు అటు తిరక్కుండానే.

ఆట వదిలేసరికి ఆరు కావొచ్చింది. హాలు బయట టీకొట్టు బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. కావ్య ఇంకా ఆ లోకంలోనే ఉంది. మూడో చందమామ పగిలినప్పుడు ముక్కలు తన ఒళ్లోనే పడతాయనుకున్నానని ఆపకుండా చెబుతోంది. రేపు ఈ వేళకు కళ్లకు కట్టు కట్టి ఉంటుంది, విప్పాక ఏమవుతుందో అనుకుంటూ రాణి చేతులు కడుక్కుని సీసా మూత తీసింది.

"ఇగ ముచ్చట్లు సాలు. తల ఎన్కకు పెట్టు. భయపడకు, సల్లగుంటది," అంది.

కావ్య మాటలు ఆపేసింది.

కొమురెల్లి తల వెనక్కి వాల్చి కళ్లు తెరిచాడు.